పెదనాయన రాయని చీటీ

మొన్న మంగళవారం మా సంఘం కుర్రాడొకడు ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. ప్రొద్దుటూరులో మా చర్చిలో ఈ నెల నుంచి నాయకుల శిక్షణ తరగతులు మొదలవుతున్నాయి. వాటికి ఆ అబ్బాయి బాధ్యుడు. "మేడం, సమాధానపడేది గురించి మీరు పదిహేను నిమిషాలు మాట్లాడల్ల. శానా వద్దు, ఐదు పాయింట్లు పంపీండి చాలు. స్లైడ్లు నేను చేసుకుంటా" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. పాయింట్లు రాయడం రాక కాదు. కాగితం ముందు పెట్టుకుని కూర్చుని ఒకటి అని అంకె వేశాను. దాని పక్కన ఏం రాయాలో పాలుపోలేదు. మా ఇంట్లో ఇద్దరు మనుషులు సమాధానపడటానికి మూడేళ్ళు పట్టింది. అందులో చివరి పది నెలలు నా ప్రాణం తోడేశారు. దాన్ని ఐదు ముక్కలు చేసి వాడికి ఎట్లా పంపేది? పెన్ను పక్కన పడేశాను. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ముందు వచ్చేది విసుగే.

మాది జమ్మలమడుగు దగ్గర పెన్నేటి ఒడ్డున చిన్న ఊరు. మా నాయన బండల గనిలో పనిచేసేవాడు. నాపరాయిని పొరలు పొరలుగా లేపి, అంచులు కొట్టి, ఇళ్ళలో పరుచుకునే బండలు తీసే పని. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమలు, చెవులు తెల్లటి దుమ్ముతో ముసలివాడివిలా కనిపించేవి. మా ఇల్లు కూడా బండలదే. గోడలు బండలు, కప్పు బండలు, పడుకునేది బండల మీద. ఎండాకాలం పొద్దుగూకే వేళ అమ్మ గచ్చు మీద కుండెడు నీళ్ళు చల్లితే, కాలిన రాయి తడిసిన వాసన ఇల్లంతా నిండేది. ఆ వాసనకు పొయ్యి మీద వేయించే చెనిక్కాయల వాసన తోడైతే, ఆ రాత్రికి సంగటిలోకి ఊరిమిండి ఉందని అర్థం. రోట్లో వేరుసెనగలు, ఎండుమిరపకాయలు, చింతపండు వేసి నూరిన ఆ పచ్చడి కోసం నేను బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని.

మా వీధి చివర చర్చి. అదీ ఒక బండల గదే. పాస్టరు అయ్యగారు జమ్మలమడుగులో ఉండేవాడు. ఆయన చేతి కింద పన్నెండు ఊళ్ళు. ఒక పాత సైకిలు. మా ఊరికి నెలకొకసారి వచ్చేవాడు, వాన వస్తే అదీ లేదు. ఒక వానాకాలం మా వీధిలో ముసలమ్మ ఒకామె చనిపోతే, వాగు పొంగి అయ్యగారు రాలేక, పూడ్చడానికి ఒక పగలంతా కాచుకోవాల్సి వచ్చింది. ప్రార్థన చేసి మట్టి వేసే ధైర్యం ఊళ్ళో ఒక్కరికీ లేకపోయింది. అప్పుడు అయ్యగారికి అనిపించిందట, ప్రతి ఊళ్ళోనూ ఆ ఊరి మనిషినే తయారుచేయాలని. ఆదివారం ఆరాధన నడపడానికి, జబ్బు మనుషులను చూడటానికి, చనిపోయినవాళ్ళను సాగనంపడానికి. పది నెలల తరగతి, ప్రతి శనివారం జమ్మలమడుగు చర్చి వెనక గదిలో. ఎవరూ రాని ఊరిని పక్క ఊరి సంఘంలో కలిపేస్తామని, ఆ ఊరి చర్చికి తాళం పడుతుందని కూడా చెప్పారు.

మా ఊరి నుంచి మా నాయన లేచి నిలబడ్డాడు. బాగానే ఉంది. కానీ ఆయనకు చదవడం వచ్చు గానీ రాయడం కష్టం. ఉలి పట్టి పట్టి వేళ్ళు బిగుసుకుపోయాయి. పెన్ను పట్టుకుంటే కాగితం చిరిగేది. అందుకని నన్ను వెంట తీసుకుపోయాడు. నాకప్పుడు పన్నెండేళ్ళు. శనివారం మా బడిలో ఆటల పూట. ఆ పూటలన్నీ ఆ వెనక గదిలో పోయాయి.

నా కష్టం అక్కడితో ఆగలేదు. వారమంతా ఆయన పాఠాలు నాకు అప్పజెప్పేవాడు. రాజుల పేర్లు వరసగా చెప్పాలి. నాలుగో రాజు దగ్గరికి వచ్చేసరికి ఆరో రాజును పట్టుకొచ్చేవాడు. "తప్పు నాయనా" అంటే, "ఆయప్ప ముందొస్తే ఏం, ఎనకొస్తే ఏం, అందురూ సచ్చినోళ్ళే గదా" అని నా మీదే అరిచేవాడు. అన్నం ముందు కూర్చుని ప్రసంగం సాధన చేసేవాడు. ప్రసంగం ముగిసేదాకా మేము తినకూడదు. సంగటి ముద్ద మీద పచ్చడి ఎండిపోయేది. మా అమ్మ ఒకరోజు, "నువ్వు రక్షించేలోపల మేము ఆకలికి సచ్చేటట్టుండాం" అని లేచి వెళ్ళిపోయింది.

దూరపు ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళతో కలిపి తరగతిలో పదిమంది దాకా ఉండేవాళ్ళు. ఇద్దరు నాకు బాగా గుర్తు. పులివెందుల దగ్గర చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, కాపలా ఉండే మామ ఒకడు, సంచి నిండా కాయలు తెచ్చి నా ఒళ్ళో పోసేవాడు. ఏం మాట్లాడమన్నా ఎలక్షన్ మీటింగులో మాట్లాడినట్టు చెయ్యెత్తి మాట్లాడేవాడు. ఇంకొకామె ప్రొద్దుటూరులో బట్టలు కుట్టే అక్క. ఒళ్ళో జాకెట్టు పెట్టుకుని కాజాలు కుట్టుకుంటూనే పాఠం వినేది, అందరికంటే ముందు జవాబు చెప్పేది. సైక్లోస్టైల్ కాగితాల సిరా వాసన, చీనీ తొక్కల వాసన కలిసిన ఆ గది నాకు మెల్లగా అలవాటైపోయింది.

తొమ్మిదో నెల చివర అయ్యగారు ఒక పని పెట్టాడు. "ఇన్ని దినాలు నోటితో చదివినారు. ఇప్పుడు కాళ్ళతో చదవల్ల. మీ ఊర్లో మీకు మాటల్లేని మనిషి ఎవురుండారో వాళ్ళింటికి పోండి. సమాధానపడి, వాళ్ళ చేత ఒక్క ముక్క రాయించుకోని రండి. అది తేనోళ్ళు నాయకులు కాలేరప్పా."

ఆ మాటకు మా నాయన మొహం బండలా అయిపోయింది. ఆయనకు మాటల్లేని మనిషి మా పక్కింట్లోనే ఉన్నాడు. సొంత అన్న. మా పెదనాయన.

మూడేళ్ళ ముందు మా జేజినాయన, అంటే వాళ్ళిద్దరి తండ్రి, కాళ్ళు వాచి మంచం పట్టాడు. పెదనాయన పశువుల ఆసుపత్రిలో అటెండరు. ఎవరో చెబితే దర్గాకు వెళ్ళి తాయెత్తు తెచ్చి ముసలాయన చేతికి కట్టాడు. మా నాయన ఆ సాయంత్రమే దాన్ని తెంపేశాడు. మర్నాడు ఉదయానికి జేజినాయన పోయాడు. శవపెట్టె ఇంటి ముందు ఉండగానే అన్నదమ్ములిద్దరూ చొక్కాలు పట్టుకున్నారు. "నువ్వు తెంపబట్టే పోయినాడు" అని ఆయన. "నువ్వు కట్టబట్టే సమాధానం లేకుండా పోయినాడు" అని ఈయన. అంతే, మాటలు ఆగిపోయాయి. రెండిళ్ళకూ మధ్య ఒకే గోడ. అటు తుమ్మితే ఇటు వినపడుతుంది. అయినా ఒకరి పొయ్యిలో నిప్పు ఒకరికి లేదు. పెదనాయన చర్చికి రావడం కూడా మానేశాడు.

ఆ ఇంట్లో నాకంటే ఏడాది పెద్దది, మా అక్క. మేమిద్దరం ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం గానీ, వీధిలోకి వచ్చాక మాట్లాడుకుంటే ఇటు మా అమ్మ, అటు మా పెద్దమ్మ వీపులు చిట్లగొట్టేవాళ్ళు. గోడలో రెండు బండల మధ్య ఒక సందు ఉండేది. అందులోంచి నేను వేయించిన చెనిక్కాయలు తోసేదాన్ని, అది బొరుగులు పోసేది. సగం గోడకే ఆహారం.

మరుసటి శనివారం చీనీ తోట మామ కాగితం తెచ్చాడు. పక్క తోటవాడితో రాజీ అయినట్టు, కింద వేలిముద్ర. ఆ వేలిముద్ర మామ సొంత ఎడమచేతిదేనని అందరికీ అనుమానం. కుట్టుమిషను అక్క తన అత్త చేత రాయించుకొచ్చింది: "కోడలితో నాకు ఏ తగాదా లేదు. అయినా నా ఊరగాయ జాడీ ముట్టుకోకూడదు." అయ్యగారు నవ్వి, అది కూడా చెల్లుతుందన్నాడు.

మా నాయన ఒట్టి చేతులతో కూర్చున్నాడు. ఆ పై వారం అంతే. మూడో వారం కూడా అంతే.

"వచ్చే వారం ఆఖరు. మీ ఊరి చర్చి సంగతి ఆలోచన చెయ్యప్పా" అన్నాడు అయ్యగారు.

ఇంటికి వచ్చాక మా అమ్మ మొదలుపెట్టింది. "యాడో గుంటూరు కాదు, గుడివాడ కాదు. గోడ అవతల ఉండాడు. నాలుగడుగులు ఎయ్యలేవు గానీ ఊరికంతా శాంతి చెప్తావా నువ్వు?"

"పోతాలే."

"ఎప్పుడు పోతావు?"

"ఆయప్ప ముందొస్తే పోతా."

"ఆయప్పకేం పని? తరగతికి పోతాండేది నువ్వా, ఆయప్పా?"

నాయన చెంబు విసిరేసి బయటికి వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పది నెలలుగా నా శనివారాలు మింగేశాడు. రాజులందరినీ నేను కంఠతా పట్టాను. ఇప్పుడు నాలుగడుగుల కోసం అంతా గంగలో కలుపుతాడా? గోడ సందు దగ్గర కూర్చుని అక్కకు అంతా చెప్పాను.

"మనమే రాస్తాం మే" అంది అది.

మర్నాడు బడిలో పశువుల ఆసుపత్రి కాగితం ఒకటి పట్టుకొచ్చింది. ఒక పక్క ఎద్దుల జబ్బుల పట్టిక, రెండో పక్క ఖాళీ. పెదనాయన అన్నిటికీ ఆ కాగితాలే వాడేవాడు. మందు వాసన కొట్టేది. రాత నాది బాగుంటుందని, మా నాయన గుర్తుపట్టకుండా అక్షరాలు పక్కకు వంచి రాయమని పెన్ను నాకే ఇచ్చింది. నేను "తమ్ముడా, నన్ను మన్నించు" అని మొదలుపెట్టబోతే చెయ్యి పట్టుకుంది.

"మా నాయన ఆ మాట పుట్టినకాడ్నుంచి అన్లేదు. అది రాస్తే మీ నాయన ఇట్టే కనిపెడ్తాడు."

"మల్ల ఏం రాసేది?"

అది కాసేపు గోరు కొరుకుతూ ఆలోచించింది. తర్వాత చెప్పింది, నేను రాశాను. "అబ్బీ, నాయన పోయింది నీవల్ల కాదు. నావల్లా కాదు. ముసలోడై పోయినాడు. ఇంటికి రా."

అంతే. దాన్ని మడిచి మా నాయన బైబిలులో ఆ వారం వాక్యానికి గుర్తుగా దారం ఉన్నచోట పెట్టాను.

శనివారం అయ్యగారు వాక్యం తీయమన్నప్పుడు నాయన చీటీని చూశాడు. ముందు వాసన పట్టాడు, తర్వాత తిప్పి ఎద్దుల పట్టిక చూశాడు. పెదవులు కదిలిస్తూ చదివాడు. నేను నోట్సు పుస్తకంలో తల దూర్చాను.

"ఏందప్పా అది?" అన్నాడు అయ్యగారు.

నాయన లేచి బయటికి చదవడం మొదలుపెట్టాడు. "నీవల్ల కాదు" అన్న దగ్గర ఆగిపోయాడు. రెండోసారి మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. కాజాలు కుట్టే అక్క సూది పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది. గనిలో వేలు నలిగినా అబ్బా అనని మనిషి, ఆ కాగితం పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. మేము చేసింది చిన్న పని కాదని తెలిసింది.

ఆయన తరగతి ముగిసేదాకా కూడా ఆగలేదు. బస్సు దిగి నేరుగా పెదనాయన ఇంటికే నడిచాడు. వెనకాల నేను. పెద్దమ్మ పొయ్యి ముందు సంగటి కెలుకుతోంది. అక్క నన్ను చూసి తలుపు చాటుకు పోయింది. పెదనాయన అరుగు మీద ఉన్నాడు.

"అన్నా, చదివినా" అన్నాడు నాయన.

"ఏంది చదివింది?"

చీటీ చేతికిచ్చాడు. పెదనాయన చదివాడు. మళ్ళీ చదివాడు. కాగితం మీదుగా నన్ను చూశాడు, తలుపు వైపు చూశాడు.

"కాయితం నాదే అబ్బీ. రాత నాది కాదు" అన్నాడు. కాగితం మడుస్తూ, "మూడేండ్లాయ, ఈ మాట నాకు తోచనే లేదు" అన్నాడు.

నాయన నా వైపు తిరిగాడు. నేను రెండు చేతులూ చెంపలకు అడ్డం పెట్టుకున్నాను. దెబ్బ పడలేదు. ఆయన తిరిగి వెళ్ళిపోనూ లేదు. అరుగు మెట్టు మీద కూలబడ్డాడు.

"అన్నా, ఒక మాట చెప్పల్ల నీకు. ఆ పొద్దు నేను తాయెత్తు తెంపబోతే నాయన చెయ్యి అడ్డం పెట్టినాడు. 'ఉండనీరా, పెద్దోడు కట్టినాడు' అన్న్యాడు. నేను ఇన్లేదు. తెంపినా. ఆయప్ప నాతో ఆఖర్న మాట్లాడింది అదే. అది చెప్పలేకనే నీ కాడికి రాలేకపోయినా."

పొయ్యి దగ్గర తెడ్డు శబ్దం ఆగిపోయింది. మా నాయన మూడేళ్ళుగా మొండితనంతో వెళ్ళలేదని మా అమ్మ అనుకుంది, నేనూ అనుకున్నాను. అది మొండితనం కాదు.

"ఈ మాట అప్పుడే చెప్పింటే నిన్ను ఆడనే నరికింటా" అన్నాడు పెదనాయన.

"ఇప్పుడు నరుకు."

"ఇప్పుడు నాకు ఓపిక యాడుంది? ఇను. నాయన బతకడని పెద్దాసుపత్రి డాక్టరు నాకు ముందే చెప్పినాడు. నీకు గూడా చెప్పలేదు. మోసుకోని తిరిగినా. ఊరికే కూర్చోలేక తాయెత్తు కట్టినా. పోతాడని తెలిసే కట్టినా. తెలిసే నిన్ను అనరాని మాటలు అన్న్యా."

ఇద్దరూ చెరో వైపు చూస్తూ కూర్చున్నారు. ఎవరూ ఎవరినీ కౌగిలించుకోలేదు. మా పెద్దమ్మే లోపలి నుంచి కేకేసింది. "సంగటి చల్లారిపోతాంది. ఏడ్చేది ఏడ్చుకుంటా తినండి!"

తిన్నారు. తిన్న పళ్ళెం కడగకముందే జేజినాయన పాత ఉలి ఎవరి దగ్గర ఉందనే దాని మీద కొత్త తగాదా పెట్టుకున్నారు. మా అమ్మ గోడ ఇవతలి నుంచి అది విని, "అమ్మయ్య, మాటలొచ్చినాయి" అంది. అక్కకూ నాకూ మాత్రం దొంగ రాత రాసినందుకు ఆ ఇంట్లో కొన్ని, ఈ ఇంట్లో కొన్ని దెబ్బలు పడ్డాయి. ఇద్దరు తల్లులూ అందులో ఒక్కమాట మీద ఉన్నారు.

ఇక్కడితో కథ సుఖంగా ముగిసి ఉండవచ్చు. మా నాయన ముగియనివ్వలేదు. మరుసటి శనివారం తరగతిలో నిలబడి, "అయ్యా, ఆ చీటీ మా పాప రాసింది. మా అన్న రాయలేదు. కానీ మేము మాట్లాడుకున్న్యాం" అని చెప్పేశాడు. ఎవరు అడిగారు? అయ్యగారికి ఆయనను వదులుకోవడం ఇష్టం లేదు. కానీ పైన పెద్దల కమిటీ ఒకటి ఉంది. తప్పుడు కాగితం చదివినవాడిని ఈ విడతలో తీసుకోలేమని, వచ్చే ఏడు మొదటి నుంచీ రావాలని వాళ్ళు తేల్చారు. చీనీ తోట మామ దండ వేయించుకుని నాయకుడైపోయాడు. నేను ఇంటికి వచ్చి నోట్సు పుస్తకాలు మూడూ పొయ్యిలో పెట్టబోతే అమ్మ లాక్కుంది.

అయ్యగారు కమిటీని బతిమాలి మా చర్చికి ఒక ఏడాది గడువు తెచ్చాడు. మా నాయన రెండో విడతకు బయలుదేరాడు. ఈసారి బస్సులో పక్కన నేను లేను, పెదనాయన ఉన్నాడు. "వీడు ఒక్కడూ పోతే మల్ల ఏదో ఒకటి చేసుకోనొస్తాడు, నేనూ పోతా" అన్నాడట. పది నెలలూ వెళ్తూ కొట్లాట, వస్తూ కొట్లాట. పరీక్షలో "సంఘంలో తగాదా వస్తే నాయకుడు ఏం చెయ్యాలి?" అని ప్రశ్న వచ్చింది. పెదనాయన మూడు వరసలు రాసి లేచాడు. మా నాయన ఆ బిగిసిన వేళ్ళతో తాయెత్తు దగ్గర్నుంచి సంగటి దాకా అంతా ఎనిమిది పేజీలు రాశాడు. మిగిలిన ప్రశ్నలకు టైము చాలలేదు. పెదనాయన పాసయ్యాడు. మా నాయన తప్పాడు.

అట్లా, మూడేళ్ళు చర్చి గడప తొక్కని మనిషి మా ఊరి సంఘానికి నాయకుడయ్యాడు. పెళ్ళిళ్ళలో ప్రార్థనలు, పిల్లలకు దీవెనలు, చావులకు మట్టి, అన్నీ ముప్ఫై ఏళ్ళకు పైగా ఆయన చేతి మీదుగానే జరిగాయి. మా నాయన ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చునేవాడు. పెదనాయనకు అంకెలు నిలిచేవి కావు. అధ్యాయం ఒకటి చెప్పబోయి ఇంకొకటి చెప్పేవాడు. నాయన కూర్చున్నచోటి నుంచే గట్టిగా, "అది కాదన్నా!" అని దిద్దేవాడు. "తెలుసులేరా" అని పెదనాయన. సంఘమంతా నవ్వేది. సెలవులకు పిల్లలతో వెళ్ళినప్పుడు నాకు తల కొట్టేసినట్టుండేది. ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి చెప్పాను కూడా. ఇద్దరూ తప్పు అవతలివాడిదే అన్నారు.

నాయన పోయినప్పుడు పెదనాయనతో, నీది పెద్ద వయసు, ఎండలో నిలబడలేవు, పక్క ఊరి పాస్టరును పిలుస్తాం అన్నాం. పెదనాయన కర్ర నేలకేసి కొట్టాడు. "వాడికి నేను చెయ్యక ఎవురు చేస్తారు?" అన్నాడు. ఎనభై దాటిన మనిషి, సమాధి దగ్గర కళ్ళజోడు సర్దుకుని పుస్తకం తెరిచాడు. గొంతు వణక్కుండా పాట పాడించాడు. ప్రార్థన చేశాడు. తర్వాత వాక్యం చెబుతూ, "పన్నెండో అధ్యాయం" అన్నాడు.

అది పదకొండు. సమాధి దగ్గర ఎప్పుడూ చదివే వాక్యమే. చిన్నప్పుడు వంద సార్లు నాయన చేత అప్పజెప్పించుకున్నదాన్ని, నాకు తెలుసు.

పెదనాయన అక్కడ ఆగాడు. పుస్తకంలోకి చూడలేదు. తల కొంచెం పక్కకు వంచి, ఎవరో ఏదో అంటారన్నట్టు ఎదురుచూస్తూ నిలబడ్డాడు. మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పదకొండు, పెదనాయనా" అన్నాను.

"ఆఁ, తెలుసులే మే" అని విసుక్కున్నాడు. ఆ తర్వాత ఆయన చాలాసేపు చదవలేకపోయాడు. మేమంతా ఆ ఎండలో అట్లాగే నిలబడి ఉన్నాం.